ఫిర్యాదు పంపే ముందు ఇల్లు చక్కబెట్టుకోండి

ఫిర్యాదు ఎలా రాయాలి, ఎవరికి పంపాలి అని చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. పంపిన ఆర్నెల్లకి ఇంటి అద్దె ఎలా కట్టాలి, పక్క సీటులో ఉన్నవాళ్లు పలకరించడం మానేస్తే ఏం చేయాలి, అర్ధరాత్రి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోతే ఎవరితో చెప్పుకోవాలి, ఇవి చెప్పేవాళ్లే తక్కువ. ఇది ఆ రెండో రకం గైడ్. మీరు పనిచేసే చోట పెద్ద తప్పేదో జరుగుతోంది, లెక్కలు తారుమారు చేస్తున్నారో, రోగుల ప్రాణాల మీదకి తెస్తున్నారో, జనం సొమ్ము మింగేస్తున్నారో, దాన్ని బయటపెట్టాలని మీరు ఇప్పటికే నిర్ణయించుకున్నారనుకుని రాస్తున్నాను. పెట్టాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి, దాని జోలికి నేను పోను.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తా. చట్టం కాపాడే మాట నిజమే గానీ అది చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. వచ్చేదాకా మిమ్మల్ని నిలబెట్టేవి మీ బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బు, తేదీలు వేసి దాచుకున్న కాగితాలు, పక్కన నిలబడే ఇద్దరు ముగ్గురు మనుషులు. గొడవ మొదలయ్యాక ఇవి సమకూర్చుకోవడం చాలా కష్టం, అందుకే కింద ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ఫిర్యాదుకి ముందు చేసుకోవాల్సిన పనుల గురించే.

ముందు డబ్బు సంగతి

అందరూ ధైర్యం గురించి మాట్లాడతారు, నన్నడిగితే ముందు లెక్క తేలాలి. నెలకి మీ ఇంటికి తప్పనిసరిగా అయ్యే ఖర్చు ఒక కాగితం మీద రాయండి. అద్దె, అప్పుల వాయిదాలు, పిల్లల ఫీజులు, మందులు, తిండి, కరెంటు. సరదా ఖర్చులు కలపొద్దు. చేతిలో ఉన్న సొమ్ముతో జీతం లేకుండా ఎన్ని నెలలు గడుస్తుందో చూడండి. ఆర్నెల్ల కన్నా తక్కువ వస్తే, రేపో మాపో ఎవరి ప్రాణానికో ముప్పు వచ్చే విషయం కాకపోతే, ఫిర్యాదుని కొన్నాళ్లు ఆపి డబ్బు కూడబెట్టుకోవడంలో పిరికితనం ఏమీ లేదు. ఏడాదికి సరిపడా ఉంటే ఇంకా మంచిది.

ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే ఈ వ్యవహారాలు నెలల్లో తేలవు. ర్యాన్‌బ్యాక్సీ మందుల కంపెనీలో డేటా తారుమారు సంగతి బయటపెట్టిన దినేశ్ ఠాకూర్ 2005లో ఉద్యోగం వదిలేశారు, మారుపేరుతో తెరిచిన ఈమెయిల్ నుంచి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి రాశారు. కంపెనీ నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడింది ఎప్పుడంటే 2013లో. ఈ మధ్య 8 ఏళ్లూ ఇల్లు నడవాలి కదా. సిగరెట్ కంపెనీ బ్రౌన్ అండ్ విలియమ్సన్‌లో పరిశోధన విభాగానికి వైస్ ప్రెసిడెంట్‌గా ఉండి, తర్వాత దాని గుట్టు బయటపెట్టిన జెఫ్రీ వైగాండ్ అక్కడ ఏడాదికి 3 లక్షల డాలర్లు సంపాదించేవాడు. ఆ ఉద్యోగం పోయాక హైస్కూల్లో టీచర్‌గా చేరాడు, జీతం దాదాపు పదో వంతుకి పడిపోయింది. ఇంకోపక్క ఫేస్‌బుక్ లోపలి పత్రాలను 2021లో బయటపెట్టిన ఫ్రాన్సిస్ హాగెన్ తనకి డబ్బుకి ఇబ్బంది లేదనీ, సరైన సమయంలో క్రిప్టో కొనడం కలిసొచ్చిందనీ తనే చెప్పింది. మీరు క్రిప్టో కొనండని కాదు నా ఉద్దేశం, దయచేసి కొనకండి. చేతిలో డబ్బున్న మనిషి లాయర్‌తో నిదానంగా మాట్లాడి నిర్ణయం తీసుకుంటుంది, లేని మనిషి వచ్చిన మొదటి సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టేస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది.

డబ్బుతో పాటు ఇంకొన్ని చూసుకోవాలి, ఇవి చాలామందికి తట్టవు. మీ ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చిందేనా? అయితే ఉద్యోగం పోయిన రోజే అదీ పోవచ్చు, కాబట్టి సొంతంగా ఒక పాలసీ తీసుకోండి, వాయిదా వేస్తున్న చికిత్సలు ఏమన్నా ఉంటే ఇప్పుడే చేయించుకోండి. ఉంటున్న ఇల్లు, వాడే కారు, ఫోన్ నంబర్ కంపెనీవా? కంపెనీ దగ్గర అప్పు తీసుకున్నారా, ఉద్యోగం మానితే మొత్తం ఒకేసారి కట్టాలని దాంట్లో రాసుందా? పరాయి దేశంలో ఉంటే మీ వీసా ఆ ఉద్యోగానికి ముడిపడి ఉందా? ఈ చివరిది అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే ఉద్యోగంతో పాటు దేశంలో ఉండే హక్కు కూడా పోయే అవకాశం ఉంటుంది. వీసా సంగతి తెలిసిన లాయర్‌తో మాట్లాడకుండా అడుగు ముందుకి వేయకండి.

బహుమతి వస్తుంది కదా అని కొందరు లెక్కలేసుకుంటారు. అమెరికాలో 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం ప్రకారం, మీ సమాచారం వల్ల స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 10 లక్షల డాలర్లు దాటిన జరిమానా వేస్తే అందులో 10 నుంచి 30 శాతం మీకు రావచ్చు. స్విస్ బ్యాంకు యూబీఎస్ రహస్యాలు బయటపెట్టిన బ్రాడ్లీ బర్కెన్‌ఫెల్డ్‌కి 2012లో అమెరికా పన్నుల శాఖ 10 కోట్ల 40 లక్షల డాలర్లు ఇచ్చింది, నిజమే. కాకపోతే అప్పటికి ఆయన అదే వ్యవహారంలో జైలుకెళ్లి వచ్చాడు. ఇలాంటి సొమ్ము వస్తే పండగే, ఇంటి బడ్జెట్‌లో మాత్రం దాన్ని సున్నా అనే రాసుకోండి.

కాగితాలు, కానీ జాగ్రత్తగా

తప్పు జరిగిందని చూపించే రుజువులు అందరూ దాస్తారు. మీరు మంచి ఉద్యోగి అని చూపించే రుజువులు దాచడం మర్చిపోతారు. ఫిర్యాదు వెళ్లాక కంపెనీ చెప్పే మొదటి మాట ‘ఈ మనిషి పని సరిగ్గా చేయడు, ఎప్పటినుంచో గొడవలే’ అని. కాబట్టి గత మూడు నాలుగేళ్ల అప్రైజల్ కాగితాలు, మెచ్చుకుంటూ వచ్చిన లెటర్లు, ప్రమోషన్, ఇంక్రిమెంట్ ఉత్తర్వులు, అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు ఇవన్నీ ఇంట్లో కాపీలు పెట్టుకోండి. ఇవి మీకు ఇచ్చిన మీ కాగితాలు, వీటి విషయంలో మామూలుగా ఇబ్బంది ఉండదు. ఫిర్యాదుకి ముందు నెల దాకా ‘చాలా బాగా చేస్తున్నారు’ అని రాసి, తర్వాతి నెల నుంచి ‘పనికిరాడు’ అని రాస్తే ఆ తేడా ఏ ట్రిబ్యునల్‌కైనా కంటికి ఆనుతుంది.

ఇక డైరీ. సొంత నోట్‌బుక్, సొంత పెన్ను, ఇంట్లో రాసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు, ఆఫీసు ఇచ్చిన ఫోన్లో అసలే వద్దు. తేదీ, సమయం, ఎవరు ఏమన్నారు, అక్కడ ఇంకెవరున్నారు. మీ కోపం, మీ అనుమానాలు అందులో రాయకండి, రేపు ఆ డైరీ అవతలి లాయర్ చేతిలోకి వెళ్లి ఒక్కో లైను చదివించే రోజు రావచ్చు.

కంపెనీ పత్రాల దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. ఫైళ్లన్నీ సొంత మెయిల్‌కి పంపేసుకోవడం, పెన్ డ్రైవ్‌లో మొత్తం దింపేసుకోవడం, ఇవి చేస్తే అసలు విషయం పక్కకి పోయి మీరే దొంగ అయిపోతారు. కొన్ని దేశాల్లో అది నేరం కూడా. ఏది తీసుకోవచ్చు, ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటే చాలు అన్నది లాయర్‌ని అడిగి తేల్చుకోండి. ఫలానా ఫైలు ఫలానా ఫోల్డర్‌లో ఫలానా తేదీతో ఉందని చెప్పగలిగితే విచారణ చేసేవాళ్లే దాన్ని రప్పించగలరు.

కంప్యూటర్లు అన్నీ గుర్తుపెట్టుకుంటాయి. 2017లో అమెరికా రహస్య పత్రం ఒకటి పత్రికకి చేరింది. దాన్ని ప్రింట్ తీసింది ఆరుగురేనని లాగ్‌లో తేలింది, ఆ ఆరుగురిలో రియాలిటీ విన్నర్ అనే ఆమె ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ పత్రికకి మెయిల్ చేసి ఉంది. కథ అక్కడితో అయిపోయింది, 5 ఏళ్ల 3 నెలల శిక్ష పడింది. ఏ ఫైలు ఎవరు తెరిచారు, ఎవరు ప్రింట్ తీశారు, ఎవరు ఏం వెతికారు అన్నీ నమోదవుతాయి. ‘విజిల్‌బ్లోయర్‌కి (అంటే తప్పు బయటపెట్టే మనిషికి) రక్షణ ఉంటుందా’ అని ఆఫీసు నెట్‌లో వెతకడం కూడా నమోదవుతుంది.

ఎవరికి చెబుతున్నారో దాన్నిబట్టే రక్షణ

నిజం చెబితే చాలు, చట్టం కాపాడుతుంది అనుకుంటారు. అలా కాదు, చాలా చోట్ల సరైన మనిషికి, సరైన పద్ధతిలో చెబితేనే కాపాడుతుంది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు డిజిటల్ రియాల్టీ అనే కంపెనీ కేసులో తేల్చిందేమిటంటే, కంపెనీ లోపలే చెప్పి ఎస్‌ఈసీకి చెప్పని ఉద్యోగికి డాడ్-ఫ్రాంక్ చట్టం కింద వేధింపుల నుంచి రక్షణ వర్తించదని. పద్ధతిగా ముందు పై అధికారికి చెప్పిన మనిషే ఇక్కడ నష్టపోయాడు, చూడండి. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన డైరెక్టివ్ (సభ్య దేశాలు తమ చట్టాల్లో అమలు చేయాల్సిన ఆదేశం) కొంచెం నయం. లోపల చెప్పినా, నేరుగా ప్రభుత్వ సంస్థకి చెప్పినా రక్షణ ఉంటుంది, ఫిర్యాదు అందిందని 7 రోజుల్లో చెప్పాలి, ఏం చేశారో 3 నెలల్లో తెలపాలి, ఆ తర్వాత మీకు నష్టం జరిగితే అది ఫిర్యాదు వల్ల కాదని నిరూపించుకోవాల్సిన భారం యజమాని మీదే. భారతదేశంలో విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టం 2014లో చేశారు, అమలు తేదీ నోటిఫై చేయకుండానే ఏళ్లు గడిచిపోయాయి. మీరున్న చోట చట్టం పుస్తకంలో ఉందా, అమల్లో ఉందా అన్నది విడిగా కనుక్కోవాల్సిందే.

పేరు చెప్పకపోవడం వేరు, పేరు చెప్పి రహస్యంగా ఉంచమనడం వేరు. రెండోదాంట్లో మీ గుట్టు ఇంకొకళ్ల చేతిలో ఉంటుంది. జాతీయ రహదారుల పనుల్లో అవినీతి గురించి ఇంజినీర్ సత్యేంద్ర దూబే ప్రధాని కార్యాలయానికి రాస్తూ తన పేరు బయటికి రానివ్వద్దని అడిగాడు. ఆ ఉత్తరం పేరుతో సహా శాఖల్లో చేతులు మారింది. 2003 నవంబరులో గయలో ఆయన్ని కాల్చి చంపారు. అది దోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది, కోర్టు శిక్షలూ వేసింది, అయినా ఆ ఉత్తరం అన్ని చేతులు మారడానికి సమాధానం లేదు. ఆ తర్వాతే 2004లో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కి సీల్ చేసిన కవర్లో, కవరు మీద పేరు లేకుండా పంపే పద్ధతి వచ్చింది.

కాబట్టి రహస్యంగా పంపినా ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ విషయం తెలిసినవాళ్లు మొత్తం ఎంతమంది? ముగ్గురే అయితే పేరు రాయకపోయినా మీరే అని రెండో రోజుకి తెలిసిపోతుంది. అప్పుడు పేరు దాచుకోవడం మీద నమ్మకం పెట్టుకోకుండా, తెలిసిపోతుందనే అనుకుని సిద్ధపడాలి. లాయర్ ద్వారా పంపడం, ఆధారాల్లో మీకొక్కరికే తెలిసిన వివరాలు తీసేయడం, ఇవి కొంత సాయపడతాయి. ప్రాణానికి ముప్పుందనిపిస్తే మాత్రం ఫిర్యాదు పంపే ముందే ఆ సంగతి లాయర్‌కీ, మీరు ఫిర్యాదు చేసే సంస్థకీ రాతపూర్వకంగా చెప్పి పెట్టండి, రోజూ ఒకే దారిలో ఒకే టైముకి వెళ్లడం మానండి. అనవసర భయం అనుకోకండి. దక్షిణాఫ్రికాలో ఆసుపత్రి చెల్లింపుల్లో అనుమానాలు లేవనెత్తిన అధికారి బబితా దేవకరన్‌ని 2021లో ఆమె ఇంటి బయటే కాల్చారు.

పంపాక మొదలయ్యేది

వేధింపు ఒక్కసారిగా ఉద్యోగం తీసేయడంతో మొదలవదు. మీటింగ్‌కి పిలవరు. పని తీసేస్తారు, లేదా మనిషి చేయలేనంత పని పెడతారు. పాత టీఏ బిల్లు ఒకటి తవ్వి విచారణ వేస్తారు. దూరం ట్రాన్స్‌ఫర్. మానసిక ఆరోగ్య పరీక్ష చేయించుకోమని సలహా. ఒక్కోటి విడిగా చూస్తే చిన్నదే, ఎవరికన్నా చెబితే ‘అదేముంది, అందరికీ జరిగేదే’ అంటారు, అన్నీ వరసగా తేదీలతో రాసి పెడితేనే బొమ్మ కనపడుతుంది. మౌఖికంగా ఏమన్నా చెబితే, ‘ఇవాళ ఉదయం మీరు ఫలానా పని ఇక చేయొద్దన్నారు, నేను అర్థం చేసుకున్నది సరైనదే కదా’ అని మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా పర్లేదు, మెయిల్ ఉంటుంది.

కోపంలో రాజీనామా చేయకండి. అవతలివాళ్లు కోరుకునేది అదే. చాలా చోట్ల మీ అంతట మీరు మానేస్తే కేసు బలహీనపడుతుంది. ఇచ్చిన కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టకండి, ‘చదువుకుని రేపు ఇస్తాను’ అనే వాక్యం అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ చేయండి, నవ్వులాటకి అనట్లేదు, ఎదురుగా నలుగురు కూర్చున్నప్పుడు ఆ మాట నోట్లోంచి రావడం అంత తేలిక కాదు.

గడువులు చూసుకోండి, ఇక్కడే చాలా మంచి కేసులు చచ్చిపోతాయి. అమెరికాలో కొన్ని చట్టాల కింద వేధింపు జరిగిన 30 రోజుల్లో ఫిర్యాదు చేయాలి, స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీల మోసాలకి వర్తించే సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం కింద 180 రోజులు. బ్రిటన్‌లో, తప్పు బయటపెట్టినందుకే తీసేశారని కేసు వేసేవాళ్లు తుది తీర్పు దాకా జీతం ఆగకుండా చూడమని అడగొచ్చు, చాలా మంచి ఏర్పాటు, కానీ ఉద్యోగం పోయిన 7 రోజుల్లోపే అడగాలి. షాక్‌లో మంచం మీద పడి ఉండే వారం అది. అందుకే లాయర్‌ని ముందే చూసి పెట్టుకోమనేది. దక్షిణ కొరియాలో వైద్యం ఖర్చు, ఇల్లు మారే ఖర్చు, పోయిన జీతం లాంటివాటికి ప్రభుత్వం నుంచి సహాయ నిధి అడిగే వీలుంది. మీ దగ్గర ఇలాంటిది ఉందేమో కనుక్కోండి, అడగనివాళ్లకి ఎవరూ పిలిచి ఇవ్వరు.

మీ మీద బురద చల్లడానికి కూడా సిద్ధంగా ఉండండి. వైగాండ్ మీద కంపెనీ తరఫువాళ్లు దాదాపు 500 పేజీల ఫైలు తయారుచేసి పత్రికలకి అందించారు. వాల్ స్ట్రీట్ జర్నల్ విలేఖరులు కూర్చుని ఒక్కో ఆరోపణ పరిశీలిస్తే చాలావాటికి ఆధారం లేదని తేలింది. అందరికీ అలా పరిశీలించే పత్రిక దొరకదు కదా. పాత అప్పులు, పోలీసు కేసు, విడాకుల గొడవ, సోషల్ మీడియాలో ఎప్పుడో పెట్టిన పిచ్చి పోస్టు, ఏదున్నా మీ లాయర్‌కి మొదటి రోజే చెప్పేయండి. అవతలివాళ్ల నోటి నుంచి మీ లాయర్ వినే పరిస్థితి తెచ్చుకోవద్దు. పాత పోస్టులు ఇప్పుడు డిలీట్ చేయొచ్చా అన్నది కూడా ఆయన్నే అడగండి, కేసు నడుస్తుండగా చెరిపితే రుజువులు మాయం చేశారంటారు.

ఇంట్లోవాళ్లు

ఇంట గెలిచి రచ్చ గెలవమని ఊరికే అనలేదు. భార్యకో భర్తకో చెప్పకుండా ‘వాళ్లకెందుకు టెన్షన్’ అని దాచేవాళ్లని చూస్తుంటాం. జీతం ఆగిన రోజు తెలిస్తే ఆ దెబ్బ కంపెనీ కొట్టిన దెబ్బ కన్నా గట్టిగా తగులుతుంది. ముందే కూర్చోబెట్టి చెప్పండి. ఇంత డబ్బుంది, ఇన్ని నెలలు వస్తుంది, ఇల్లు మారాల్సి రావచ్చు, ఫోన్లో ఎవరన్నా ఏమన్నా అడిగితే ఈ మాట చెప్పు, అంతవరకు. పత్రాల వివరాలు మాత్రం చెప్పకండి, తెలియనిదాని గురించి వాళ్లని ఎవరూ సాక్ష్యం అడగలేరు. పిల్లలకి వయసుని బట్టి నిజమే చెప్పండి, వాళ్లు స్కూల్లో ఎలాగూ వింటారు.

నిద్ర, ఆకలి తప్పితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నయమవ్వడం ఒక లాభం, వైద్య రికార్డు ఉండటం ఇంకో లాభం, నష్టపరిహారం అడిగేటప్పుడు పనికొస్తుంది. వారంలో ఒక పూట ఈ కేసు మాట ఇంట్లో ఎత్తకూడదని పెట్టుకోండి. కష్టమే. కేసు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేని స్థితికి వచ్చిన మనిషి దగ్గర మంచి స్నేహితులు కూడా ఎక్కువసేపు కూర్చోలేరు.

మీకు తెలిసినవాళ్లు ఈ స్థితిలో ఉంటే, ‘ఏదన్నా కావాలంటే చెప్పు’ అనకండి, వాళ్లు చెప్పరు. ఒక నెల అద్దె కట్టేయండి. పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకురండి. విచారణ రోజు బయట కుర్చీలో కూర్చోండి. ఆఫీసులో సహోద్యోగి అయితే సాక్ష్యం చెప్పే ధైర్యం లేకపోయినా పర్వాలేదు, కనీసం క్యాంటీన్‌లో అదే టేబుల్ దగ్గర కూర్చోండి, అది ఎంత పెద్ద సాయమో కూర్చోబెట్టుకున్న మనిషికి తెలుస్తుంది.

రాజీ, తర్వాతి ఉద్యోగం

ఎక్కువ కేసులు తీర్పు దాకా పోవు, ఎక్కడో ఒక చోట రాజీ కుదురుతుంది. అందరూ మొత్తం ఎంత అన్నదే చూస్తారు. అంకెతో పాటు అడగాల్సినవి కొన్నున్నాయి. సర్వీస్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ ఏ తేదీతో ఇస్తారు, వేరే కంపెనీవాళ్లు ఫోన్ చేసి అడిగితే ఏం చెబుతారు అన్నది మాటలతో సహా రాయించుకోండి, ఫోన్ ఎత్తే అధికారి పేరు కూడా. లాయర్ ఫీజు ఎవరిది, వచ్చిన సొమ్ము మీద పన్ను ఎంత, అవీ తేల్చుకోండి. నోరెత్తకూడదనే షరతు పెడితే, ప్రభుత్వ విచారణ సంస్థలకి నిజం చెప్పడానికి అది అడ్డు రాదని ఒక వాక్యం చేర్పించండి.

కొత్త ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘పాతది ఎందుకు మానేశారు’ అని తప్పకుండా అడుగుతారు. మొత్తం కథ చెప్పకండి, అబద్ధమూ చెప్పకండి. ‘ఒక నిబంధనల విషయంలో నేను అభ్యంతరం చెప్పాను, అది చట్టప్రకారం పరిష్కారమైంది, వివరాలు మాట్లాడే వీలు లేదు, అక్కడ నేను చేసిన పని గురించి అడగండి’ అని రెండు నిమిషాల లోపు ముగించి పని మీదకి మళ్లించండి. పేరు వెతికితే వార్తలు వస్తాయనుకుంటే వాళ్లు వెతకక ముందే మీరే ఆ ముక్క చెప్పడం మేలు. పాత కంపెనీలో మీతో పనిచేసి ఇప్పుడు వేరే చోట ఉన్న ఒకరిద్దరు బాసుల నంబర్లు రిఫరెన్స్‌గా ఇవ్వండి, ఇచ్చే ముందు వాళ్లకో ఫోన్ కొట్టి ఒప్పించుకోండి. అదే రంగంలో తలుపులు మూసుకుపోతే, ఆడిట్, నిబంధనల అమలు, శిక్షణ, టీచింగ్ లాంటి పక్క దారుల్లో మీ అనుభవానికి గిరాకీ ఉంటుంది, ఆ దరఖాస్తులు కేసు తేలాక కాకుండా మొదటి నెల నుంచే పెడుతూ ఉండండి.